ఒక్క ల్యాన్ వైరు, ఆరు నెట్‌వర్కులు: ఇంటి సర్వర్‌లో ప్రాక్స్‌మాక్స్ ఏడాదిన్నర వాడాక

మా ఇంట్లో నాలుగు సీసీ కెమెరాలు, ఒక స్మార్ట్ టీవీ, పాప ట్యాబ్, నా ఆఫీసు ల్యాప్‌టాప్, పదిహేనేళ్ల ఫోటోలు దాచుకున్న స్టోరేజ్, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు, ఎవరికి ఎవరైనా కనపడతారు. సైట్ల పేర్లకి అడ్రస్‌లు చెబుతూ ప్రకటనల్ని ఆపే పై-హోల్ పెట్టుకున్నాక ఒక రాత్రి దాని లాగ్ తెరిచి చూస్తే ఒక కెమెరా ఎక్కడెక్కడి సర్వర్ల పేర్లో నిమిషానికోసారి అడుగుతూనే ఉంది. గేటు దగ్గర ఎవరొచ్చారో రికార్డ్ చేయడం దాని పని, అంతే. దానికి బయటి ప్రపంచంతో పనేంటి, నా ఫోటోలు ఉన్న చోటే అదీ ఎందుకుండాలి అనిపించింది. ఇంటి నెట్‌వర్క్‌ని విడివిడిగా చేయాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, అందుకు వాడింది ప్రాక్స్‌మాక్స్. ఇప్పటికి ఏడాదిన్నర అయింది కాబట్టి ధైర్యంగా రాయగలను అనుకుంటున్నా.

ముందే చెప్పేస్తాను. వీల్యాన్, అంటే ఒకే వైరు మీద విడివిడి నెట్‌వర్కులు, పెట్టడం ఇందులో చాలా తేలిక, నిజంగా ఒక్క టిక్ పని. కానీ మనం తప్పు చేస్తే ఆపే ఏర్పాటు మాత్రం ఇందులో లేదు. ఈ రెండో సంగతి తెలిసి దిగితే ఇంటికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రాక్స్‌మాక్స్ వీఈ అనేది ఆస్ట్రియాలో వియన్నాలో ఉన్న కంపెనీ తయారుచేసే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్, అంటే ఒకే కంప్యూటర్‌ని చాలా కంప్యూటర్లలా వాడుకోనిచ్చేది, 2008 నుంచి ఉంది. అడుగున డెబియన్ లినక్స్, దానిమీద కేవీఎంతో పూర్తి వర్చువల్ మెషీన్లు, ఎల్ఎక్స్‌సీతో తేలికపాటి కంటైనర్లు నడుస్తాయి. ఓపెన్ సోర్స్, డబ్బు కట్టకుండానే అన్ని సౌకర్యాలూ వాడుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేశాక మానిటర్ తీసేసి మూల పెట్టేయొచ్చు, మిగతా పనంతా బ్రౌజర్‌లో 8006 పోర్ట్ మీద జరుగుతుంది.

నా మెషీన్ సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో కొన్న పాత ఆఫీసు మినీ పీసీ. ఎనిమిదో తరం ఐ5, ఆరు కోర్లు, ర్యామ్ 32 జీబీకి పెంచుకున్నాను. అరచేతి కన్నా కాస్త పెద్దది, చప్పుడు ఉండదు, కరెంటు బిల్లులో పెద్దగా తేడా కనపడలేదు. ఒకటే ఇబ్బంది, దానికి ఉన్నది ఒకే ఒక్క ల్యాన్ పోర్ట్. ఒక్క పోర్ట్‌తో ఇన్ని నెట్‌వర్కులు కుదురుతాయా అని చాలామంది అడుగుతారు. శుభ్రంగా కుదురుతాయి, వీల్యాన్ ఉన్నదే అందుకు.

ఇన్‌స్టాల్ అవగానే వీఎంబీఆర్0 అనే బ్రిడ్జ్ ఒకటి తయారై ఉంటుంది. బ్రిడ్జ్ అంటే ఇంకేం కాదు, సర్వర్ లోపల ఉన్న కనపడని స్విచ్. దాని ఒక పోర్ట్‌కి బయటి ల్యాన్ వైరు, మిగతా పోర్టులకి మన వర్చువల్ మెషీన్లు. ఆ బ్రిడ్జ్ సెట్టింగ్స్‌లో వీల్యాన్ అవేర్ అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి అప్లై కాన్ఫిగరేషన్ నొక్కితే ఆ కనపడని స్విచ్ కాస్తా వీల్యాన్‌లు తెలిసిన మేనేజ్డ్ స్విచ్ అయిపోతుంది. ఆ తర్వాత ఏ వీఎం (వర్చువల్ మెషీన్) నెట్‌వర్క్ కార్డ్‌లోనైనా వీల్యాన్ ట్యాగ్ దగ్గర 30 అని రాస్తే అది 30వ నెట్‌వర్క్‌లోకి వెళ్ళిపోతుంది. నడుస్తున్న మెషీన్‌కి కూడా మార్చొచ్చు, ఆపక్కర్లేదు. కాకపోతే ట్యాగ్ మారినా ఆ మెషీన్ దగ్గర పాత ఐపీ అడ్రసే ఉండిపోతుంది, కొత్తది అడిగించాలి. మొదటిసారి ఇది తెలియక ట్యాగ్ పనిచేయట్లేదనుకుని అరగంట వెతికాను.

ట్యాగ్ అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. నెట్‌వర్క్‌లో వెళ్ళే ప్రతి ఫ్రేమ్‌కీ, అంటే డేటా ముక్కకీ, 4 బైట్ల చీటీ ఒకటి అంటిస్తారు, అందులో 12 బిట్లు వీల్యాన్ నంబర్‌కి. 12 బిట్లంటే 4096 అంకెలు, మొదటిదీ చివరిదీ వేరే అవసరాలకి పోగా 1 నుంచి 4094 దాకా మనవి. 802.1క్యూ అంటారు దీన్ని, 1998 నుంచి ఉన్న ప్రమాణం. కొత్త టెక్నాలజీ ఏమీ కాదు, ఆఫీసుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం. ఒకే వైరులో అన్ని నెట్‌వర్కుల ఫ్రేములూ కలిసి ప్రయాణిస్తాయి, చీటీ చూసి అటు వైరు చివర ఉన్న స్విచ్, ఇటు సర్వర్ లోపలి బ్రిడ్జ్ వేటికవి విడదీసుకుంటాయి.

నేను పెట్టుకున్న లెక్క ఇది: సర్వర్, స్విచ్ లాంటివాటి నిర్వహణకి 10, ఇంట్లోవాళ్ళకి 20, కెమెరాలకి 30, చుట్టాలొస్తే ఇచ్చే వైఫైకి 40, నా ప్రయోగాలకి 50, నెట్ వాళ్ళ డబ్బా నుంచి వచ్చే లైన్‌కి 99. ఐపీలో మూడో అంకె కూడా అదే, అంటే కెమెరాలన్నీ 192.168.30తో మొదలవుతాయి. దీనికి సాంకేతికంగా అవసరమేమీ లేదు. కానీ ఆరు నెలల తర్వాత ఏ లాగ్ చూసినా ఇది కెమెరా, ఇది అతిథి అని చూడగానే తెలిసిపోతుంది. దయచేసి ఈ లెక్క ఒక కాగితం మీద రాసుకున్నాకే కీబోర్డ్ ముట్టుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను రాసుకోకుండా మొదలుపెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం సర్వర్ నిర్వహణ అడ్రస్‌ని వీల్యాన్ 10లోకి మార్చాలనుకున్నా. చేయాల్సింది ఏమిటంటే వీఎంబీఆర్0 మీద ఉన్న ఐపీ, గేట్‌వే తీసేసి, వీఎంబీఆర్0.10 అని లినక్స్ వీల్యాన్ ఒకటి సృష్టించి వాటిని అక్కడ పెట్టడం. అది సరిగ్గానే చేశాను, అప్లై నొక్కాను, పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. స్విచ్‌లో సర్వర్ పోర్ట్‌కి 10వ వీల్యాన్ ఇంకా చేర్చలేదు నేను. సర్వర్ చీటీ అంటించి పంపుతోంది, స్విచ్ ఆ చీటీ నంబర్ నాకు తెలియదని పడేస్తోంది. అంతే, ఇంట్లో ఉన్న ఏ కంప్యూటర్ నుంచీ సర్వర్‌కి దారి లేదు. పై-హోల్ కూడా అందులోనే, ల్యాప్‌టాప్‌లో సైట్ల పేర్లు ఐపీలుగా మారట్లేదు కాబట్టి పరిష్కారం వెతుక్కోవడానికి కూడా ఫోన్ డేటా ఆన్ చేయాల్సి వచ్చింది. అటక మీద నుంచి పాత మానిటర్ దింపి, కీబోర్డ్ తగిలించి, నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో పాత లైన్లు తిరిగి రాసేసరికి మూడు గంటలు పట్టింది.

తప్పు నాదే, క్రమం తప్పాను: ముందు స్విచ్, తర్వాత సర్వర్. అయితే ప్రాక్స్‌మాక్స్ గురించి రాస్తున్నా కాబట్టి ఈ మాట చెప్పాలి. మన మార్పులు వెంటనే అమలు కావు, ముందు పక్కన ఒక కొత్త ఫైల్‌లో ఉంటాయి, ఏం మారబోతోందో కింద చూపిస్తుంది, అప్లై నొక్కాకే అసలు ఫైల్‌లోకి వెళ్తాయి. చాలా మంచి పద్ధతి. కానీ నొక్కాక కనెక్షన్ తెగిపోతే కాసేపు చూసి దానంతట అదే పాత సెట్టింగ్‌కి వెనక్కి వెళ్ళే సదుపాయం లేదు. కొన్ని రూటర్లలో సేఫ్ మోడ్ అని సరిగ్గా ఇలాంటిదే ఉంటుంది. సర్వర్ పక్క గదిలో ఉన్న నాకు మూడు గంటలు పోయింది, ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో పెట్టినవాళ్ళకైతే బస్సెక్కాల్సి వస్తుంది.

అందుకే ఇప్పుడు నెట్‌వర్క్‌లో ఏది ముట్టుకున్నా ముందు ఒక పని చేస్తా. పాత ఫైల్ నకలు తీసి పెట్టుకుని, ఐదు నిమిషాల తర్వాత ఆ నకలుని అసలు చోట పెట్టి నెట్‌వర్క్‌ని రీలోడ్ చేసే చిన్న ఆదేశాన్ని వెనకాల నడిచేలా పెట్టి, అప్పుడు అప్లై నొక్కుతా. అంతా బాగుంటే ఆ ఆదేశాన్ని రద్దు చేస్తా, తెగిపోతే ఐదు నిమిషాలు ఓపిక పడితే పాత దారి తిరిగొస్తుంది. ఇది రెండుసార్లు నన్ను కాపాడింది. ఇంకొకటి, నిర్వహణ ఐపీ మారిస్తే హోస్ట్స్ ఫైల్‌లో కూడా చేత్తో మార్చాలి, బ్రౌజర్ పేజీలో మారిస్తే అక్కడ మారదు. తన పేరుకి ఏ అడ్రసో ప్రాక్స్‌మాక్స్ అందులోనే చూసుకుంటుంది.

స్విచ్ సంగతి. ఎనిమిది పోర్టుల చవక స్మార్ట్ స్విచ్ చాలు, ఖరీదైనది అవసరం లేదు, 802.1క్యూ వీల్యాన్ అని పెట్టె మీద ఉంటే సరిపోతుంది. అయితే వీటిలో తికమక పెట్టేది పీవీఐడీ. పోర్ట్ 4ని వీల్యాన్ 30లో అన్‌ట్యాగ్డ్‌గా, అంటే చీటీ తీసేసి పంపేలా, చేర్చారనుకోండి, అది స్విచ్ నుంచి బయటికి వెళ్ళే ఫ్రేముల సంగతి మాత్రమే. కెమెరా నుంచి లోపలికి వచ్చే చీటీ లేని ఫ్రేమ్‌కి ఏ నంబర్ అంటించాలో చెప్పేది పీవీఐడీ, దాన్ని చాలా స్విచ్‌లలో వేరే పేజీలో విడిగా పెట్టాలి. ఒకటి పెట్టి ఒకటి మరిచిపోతే కెమెరాకి వెళ్ళేది వెళ్తుంది, తిరిగొచ్చేది 1వ వీల్యాన్‌లో పడి ఎటో పోతుంది. సర్వర్‌కి వెళ్ళే పోర్ట్‌కి మాత్రం అన్ని వీల్యాన్‌లూ ట్యాగ్డ్‌గా, అంటే చీటీతోనే, ఇవ్వాలి, దాన్నే ట్రంక్ అంటారు.

ఇక్కడ ప్రాక్స్‌మాక్స్ వైపు ఒక భద్రత విషయం ఉంది, చాలామంది గమనించరు, నేనూ ఆలస్యంగానే గమనించాను. వీల్యాన్ అవేర్ బ్రిడ్జ్‌లో ఒక వీఎంకి ట్యాగ్ గడి ఖాళీగా వదిలేస్తే దానికి వీల్యాన్ ఏదీ లేనట్టు కాదు. దానికి ట్రంక్ ఇచ్చినట్టు. మామూలుగా అది చీటీ లేని నెట్‌వర్క్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది కానీ, ఆ మెషీన్ లోపల అడ్మిన్ అధికారం ఉన్నవాళ్ళు ఎవరైనా తమంతట తామే 30 అనో 10 అనో ట్యాగ్ పెట్టుకుని ఆ నెట్‌వర్క్‌లోకి వెళ్ళిపోగలరు. అన్ని నెట్‌వర్కుల మధ్య దారి చూపే రూటర్‌ని వీఎంలో నడిపితే దానికి ఇది కావాలి, అందుకే అలా ఉంది. కానీ ఏదో పరీక్షించడానికి ఎక్కడి నుంచో దించుకున్న వీఎంకి ఇది ఇచ్చామంటే మనం కట్టిన గోడలన్నీ దండగ. అందుకని మా ఇంట్లో ట్యాగ్ లేని వీఎం ఒక్కటే, రూటర్. దానికి కూడా ఏయే నంబర్లు వెళ్ళాలో ట్రంక్స్ అనే ఆప్షన్‌తో పరిమితం చేశాను. ఈ ఆప్షన్‌కి బ్రౌజర్‌లో గడి లేదు, కమాండ్ లైన్‌లోనో వీఎం ఫైల్‌లోనో రాయాలి. ఇంత ముఖ్యమైనదానికి గడి ఉండాల్సింది అని నా అభిప్రాయం.

రూటర్‌గా నేను వాడేది ఓపీఎన్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్, ఒక వీఎంలో. రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్ ఇచ్చాను, మా ఇంటికి ఎక్కువే. ఆ వీఎంకి వర్ట్ఐఓ అనే వర్చువల్ నెట్‌వర్క్ కార్డ్ ఇచ్చినప్పుడు ఓపీఎన్‌సెన్స్ లోపల హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (డేటా సరిగ్గా వచ్చిందో చూసే లెక్కని కార్డ్‌కి వదిలేయడం) ఆపేయాలి, లేకపోతే పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూడటం) పనిచేస్తుంది కానీ వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడమో నత్తనడకన రావడమో జరుగుతుంది, కారణం దొరక్క పిచ్చెక్కుతుంది. ఒక్క పోర్ట్ మీదే నెట్ లైనూ ఇల్లూ రెండూ వెళ్తాయి కదా, వేగం తగ్గదా అంటే, మాది 150 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ అయ్యేది 99వ వీల్యాన్‌లో లోపలికి 150, తిరిగి 20వ వీల్యాన్‌లో బయటికి 150. గిగాబిట్ పోర్ట్‌కి అటూ ఇటూ వెయ్యేసి ఉంటుంది కాబట్టి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు వీఎంలు మాట్లాడుకుంటే అసలు వైరు దాకానే రావు, సర్వర్ లోపలే అయిపోతుంది, గిగాబిట్ కన్నా ఎంతో వేగంగా.

మధ్యలో ఒకసారి నెట్ లైన్‌ని విడదీద్దామని యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొన్నాను. లినక్స్‌లో దానికి ఈఎన్ఎక్స్ అని మొదలై వెనకాల మొత్తం మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డ్‌కి ఉండే సొంత నంబర్) పేరొస్తుంది, అంటే సరిగ్గా 15 అక్షరాలు. లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు గరిష్ఠంగా 15 అక్షరాలే. దాని మీద చుక్క పెట్టి వీల్యాన్ నంబర్ రాద్దామంటే పేరు దాటిపోయి తయారవదు. అడాప్టర్‌ని ముందు ఒక బ్రిడ్జ్‌లో చేర్చి బ్రిడ్జ్ మీద వీల్యాన్ పెట్టుకుంటే సరి. అది తెలుసుకున్నాను కానీ ఆ అడాప్టర్ వేడెక్కి అప్పుడప్పుడు మాయమైపోతుండటంతో తీసేసి మళ్ళీ ఒక్క వైరుకే వచ్చేశాను. అదే నిశ్చింతగా ఉంది. అలాగే వైఫై కార్డ్‌ని బ్రిడ్జ్‌లో కలుపుదామని ప్రయత్నించకండి. వైఫై రూటర్ తనకి కనెక్ట్ అయిన ఒక్క మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చేదే తీసుకుంటుంది, దాని వెనక ఉన్న వీఎంల అడ్రస్‌లని తీసుకోదు. సర్వర్‌కి వైరు ఉండాల్సిందే.

ఇక రూటర్‌ని సర్వర్ లోపల పెడితే వచ్చే అసలు ఇబ్బంది సాంకేతికమైంది కాదు, ఇంట్లోది. సర్వర్ రీబూట్ అంటే ఇంటికంతా నెట్ పోవడమే. ఒకరోజు సాయంత్రం ఏడింటికి కెర్నెల్ అప్‌డేట్ వచ్చింది కదా అని రీబూట్ కొట్టాను. నిమిషం కాకుండానే మా ఆవిడ, "ఏమండీ, పాప క్లాసు మధ్యలో ఉంది, నెట్ ఏమైంది?" హాల్లోంచి అమ్మ, "ఒరేయ్, సీరియల్ ఆగిపోయిందిరా." నాలుగు నిమిషాల్లో వచ్చేసింది కానీ ఆ నాలుగు నిమిషాలు నాకు బాగా గుర్తుండిపోయాయి. అప్పటి నుంచి రీబూట్ ఏదైనా రాత్రి పదకొండు తర్వాతే, ముందు అందరికీ చెప్పాకే. ఇంట్లోవాళ్ళు మన ప్రయోగాలకి ఒప్పుకున్నవాళ్ళు కాదు కదా, వాళ్ళకి కావాల్సింది నెట్ రావడం. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నా: నెట్ వాళ్ళ డబ్బాలో ఉన్న వైఫైని ఆపేయలేదు, పేరు మార్చి పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. నేను ఊళ్లో లేనప్పుడు సర్వర్ చచ్చినా వాళ్ళు దానికి కనెక్ట్ అయితే నెట్ వస్తుంది. ఇది చేయకుండా రూటర్‌ని వీఎంలో పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. పోయి వచ్చాక అన్నీ ఒకేసారి లేస్తే గందరగోళం, రూటర్ లేవకముందే మిగతావి లేచి ఐపీ కోసం అడిగి దొరక్క కూర్చుంటాయి. ప్రతి వీఎంకీ స్టార్ట్ ఎట్ బూట్ అని, దాంతోపాటు ఏది ముందు, ఎన్ని సెకన్లు ఆగాక తర్వాతది అని క్రమం పెట్టుకునే గడి ఉంది. రూటర్‌కి 1, అరవై సెకన్లు, పై-హోల్‌కి 2, మిగతావి ఆ తర్వాత. దీంతో కరెంటు వచ్చాక నేను చేయాల్సింది ఏమీ లేకుండా పోయింది. స్విచ్‌నీ నెట్ డబ్బానీ కూడా సర్వర్ ఉన్న యూపీఎస్‌కే తగిలించడం మరవకండి.

ఫైర్‌వాల్ గురించి. ప్రాక్స్‌మాక్స్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంది, డేటాసెంటర్ (మొత్తం), నోడ్ (ఒక్కో సర్వర్), వీఎం లాంటి స్థాయుల్లో. మొత్తానికి ఆన్ చేస్తే సర్వర్‌లోకి వచ్చేవన్నీ ఆగిపోతాయి, ఒక్క 8006 పేజీకి, దూరం నుంచి కమాండ్లు ఇచ్చే ఎస్ఎస్‌హెచ్‌కి మాత్రం లోకల్ నెట్‌వర్క్ నుంచి అనుమతి ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ లోకల్ నెట్‌వర్క్ అంటే సర్వర్ ఉన్న నెట్‌వర్క్. మనం వీల్యాన్‌లు చేశాక సర్వర్ 10లో ఉంటుంది, మన ల్యాప్‌టాప్ 20లో ఉంటుంది, అంటే ల్యాప్‌టాప్ దాని దృష్టిలో బయటి మనిషి. కాబట్టి ఆన్ చేసే ముందు మేనేజ్‌మెంట్ అనే ఐపీసెట్ (అడ్రస్‌ల జాబితా) ఒకటి సృష్టించి అందులో మన ల్యాప్‌టాప్ అడ్రస్ చేర్చాలి. నేను ఈసారి ముందే చదువుకుని దిగాను కాబట్టి మానిటర్ దింపే పని పడలేదు.

చదువుకోవడం అంటే గుర్తొచ్చింది, ప్రాక్స్‌మాక్స్‌తో వచ్చే డాక్యుమెంటేషన్ చాలా బాగుంటుంది. ప్రతి పేజీలో హెల్ప్ బటన్ ఉంటుంది, నొక్కితే సర్వర్‌లోనే ఉన్న పుస్తకం తెరుచుకుంటుంది, నెట్ లేకపోయినా. నెట్‌వర్క్ పాడుచేసుకున్న రోజున ఇది ఎంత విలువైనదో చెప్పలేను. ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ కష్టమైన ఇంగ్లీషు కాదు.

నెట్‌వర్కుల్ని సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేసుకునే ఎస్‌డీఎన్ అనే విభాగం గురించి అందరూ అడుగుతారు. చాలాకాలం ప్రయోగదశలో ఉండి, 2023 నవంబర్‌లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి పూర్తి స్థాయిలో చేరింది. జోన్ అని ఒకటి, అందులో వీనెట్ అని చిన్న చిన్న నెట్‌వర్కులు సృష్టించుకుంటాం. జోన్‌లలో సింపుల్, వీల్యాన్ లాంటి రకాలున్నాయి. ఒకే సర్వర్ ఉన్న ఇంటికి ఇదంతా అవసరమా అంటే, అవసరం లేదు, టిక్ పెట్టిన బ్రిడ్జ్ చాలు. అయినా నేను వీల్యాన్ జోన్ పెట్టుకున్నాను, పేర్ల కోసం. వీఎం తయారుచేసేటప్పుడు 30 అని గుర్తుపెట్టుకుని రాయడం బదులు జాబితాలో కెమెరా అనే పేరు ఎంచుకుంటే చాలు, పొరపాటున 03 అనో 20 అనో కొట్టే అవకాశమే లేదు, ట్యాగ్ మరిచిపోయే ప్రమాదమూ పోతుంది. ఒకటే, వీనెట్ పేరు 8 అక్షరాలు దాటకూడదు. ఇక్కడ మార్పు చేస్తే అప్లై నొక్కాల్సింది కూడా నోడ్ దగ్గర కాదు, డేటాసెంటర్ కింద ఎస్‌డీఎన్ పేజీలో.

సింపుల్ జోన్ మాత్రం నాకు బాగా నచ్చింది. ఇది వైరుతో సంబంధం లేని నెట్‌వర్క్, సర్వర్ లోపలే పుట్టి లోపలే ఉంటుంది. ఎస్ఎన్ఏటీ అని టిక్ పెడితే అందులోని మెషీన్లు సర్వర్ అడ్రస్ మీదుగా బయటికి వెళ్ళగలవు, పెట్టకపోతే బావిలో కప్పల్లా తమలో తామే. మెషీన్లకి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ కూడా అక్కడే పెట్టుకోవచ్చు, దానికి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్యాకేజీ మనం విడిగా వేసుకోవాలి, వేశాక దానంతట అది నడిచే మామూలు సర్వీస్‌ని ఆపేయాలి. మా తమ్ముడు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు, సర్టిఫికేషన్ పరీక్షకి చదువుతుంటే వాడికి ఇలా ఒక జోన్ ఇచ్చాను. ఏం పాడుచేసుకున్నా ఇంటి నెట్‌వర్క్‌కి ఏమీ కాదు, ముందు తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతాడు. అమీర్‌పేటలో ల్యాబ్ సమయం కోసం వరుసలో కూర్చున్న రోజులు నాకు తెలుసు, అందుకే వాడు అర్ధరాత్రి ఇంట్లో కూర్చుని రెండు సర్వర్ల మధ్య రూటింగ్ నేర్చుకుంటుంటే చాలా సంతోషంగా ఉంటుంది.

ఏది ఏ నెట్‌వర్క్‌లో ఉందో కనుక్కోవడం గురించి ఒక మాట. నేను మొదలుపెట్టిన 8వ వెర్షన్‌లో ఏ వీఎం ఏ వీల్యాన్‌లో ఉందో ఒకేచోట చూపించే పేజీ నాకు దొరకలేదు, ఒక్కోటి తెరిచి చూసుకున్నాను. షెల్‌లో బ్రిడ్జ్ వీల్యాన్ షో అనే ఆదేశం కొడితే మొత్తం పట్టిక వచ్చేస్తుంది, ఏ పోర్ట్‌కి ఏ నంబర్లు, ఏది అన్‌ట్యాగ్డ్ అని. ఎక్కడ తెగిందో తెలియనప్పుడు ముందు ఇది, తర్వాత వైరులో వెళ్ళేవి చూపించే టీసీపీడంప్‌తో చీటీలు నిజంగా వస్తున్నాయా లేదా. ఈ రెండింటితో తేలని సమస్య నాకింతవరకు రాలేదు.

ఇదే పని చేసే వీఎంవేర్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐతో పోల్చమని ఆఫీసులో స్నేహితుడు అడిగాడు. ఆఫీసులో నేను వాడింది అదే, వీస్విచ్, పోర్ట్ గ్రూప్, దానికో వీల్యాన్ నంబర్, చాలా చక్కటి ఏర్పాటు, పేర్లు పెట్టుకునే అలవాటు నాకు అక్కడి నుంచే వచ్చింది. కానీ 2023 చివర్లో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఇచ్చారు. ఇంటి ఫోటోలూ కెమెరాలూ ఉన్నదాన్ని అలా ఉంటుందో పోతుందో అనే దాని మీద పెట్టడం నాకిష్టం లేదు. ప్రాక్స్‌మాక్స్‌కి లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదు అని ఒక చిన్న కిటికీ వస్తుంది, ఓకే కొడితే పోతుంది, దానివల్ల ఆగిపోయే పనేమీ లేదు. అప్‌డేట్ల కోసం ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ (డబ్బు కట్టినవాళ్ళకి అప్‌డేట్లు వచ్చే చోటు) తీసేసి నో సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ పెట్టుకోవాలి. అన్నిటికన్నా తక్కువ సబ్‌స్క్రిప్షన్ కూడా ఒక్కో ప్రాసెసర్ సాకెట్‌కి ఏడాదికి వంద యూరోల పైనే, మనలాంటి ఇళ్ళకి అది ఎక్కువే. స్థోమత ఉన్నవాళ్ళు కడితే మంచిది, ఈ పని చేస్తున్నవాళ్ళు బాగుండాలి.

వీల్యాన్‌లు పెట్టాక మొదటి వారంలో వచ్చే ఫిర్యాదు ఇంకోటి ఉంది, ముందే సిద్ధంగా ఉండండి: ఫోన్ నుంచి టీవీకి వీడియో వేయడం కుదరదు, ప్రింటర్ కనపడదు. ఇవి ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి, ఎండీఎన్ఎస్ అంటారు, అది తన నెట్‌వర్క్ దాటి వెళ్ళదు. ఓపీఎన్‌సెన్స్‌లో ఎండీఎన్ఎస్ రిపీటర్ అనే ప్లగిన్ వేసి, కావలసిన రెండు నెట్‌వర్కుల మధ్య మాత్రమే తిప్పితే సరిపోతుంది. నేను మొదట అన్నిటి మధ్యా తిప్పాను, అతిథి వైఫైలో ఉన్నవాళ్ళ ఫోన్లలో కూడా మా టీవీ కనపడింది, వెంటనే సరిచేశాను. అసలు టీవీని విడిగా పెట్టాలా అంటే, నేను ఇంట్లోవాళ్ళ 20లోనే వదిలేశాను చివరికి. అమ్మకి టీవీ మామూలుగా పనిచేయడం ముఖ్యం.

8 నుంచి 9కి పోయిన ఏడాది మారాను, డెబియన్ 12 నుంచి 13కి మారడం అది. వాళ్ళిచ్చిన తనిఖీ స్క్రిప్ట్ ముందు నడిపి, అది చెప్పినవి సరిచేసి, మానిటర్ తగిలించి ఉంచుకునే చేశాను, గంటలో అయిపోయింది. ఇలాంటి పెద్ద మార్పుల్లోనూ, కొత్త పీసీఐ కార్డ్ వేసినప్పుడూ ల్యాన్ పోర్ట్ పేరు మారిపోయే అవకాశం ఉంటుంది, పేరు మారితే బ్రిడ్జ్‌కి వైరు లేనట్టే. 9లో ఆ పేరుని గట్టిగా కట్టేసి ఉంచడానికి ఒక చిన్న కమాండ్ ఇచ్చారు, నేను అప్‌గ్రేడ్ అయిన వెంటనే అది వాడేశాను.

ఎవరికి చెప్పనంటే, లినక్స్‌లో ఒక ఫైల్ తెరిచి మార్చి సేవ్ చేయడం రానివాళ్ళకి. బ్రౌజర్‌లోనే అంతా అయిపోతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, ఏదో ఒకరోజు మానిటర్ ముందు కూర్చోవాల్సి వస్తుంది. అలాగే ఉన్నది నలుగురు, నాలుగు ఫోన్లు, ఒక టీవీ అయితే మీ రూటర్‌లో ఉన్న గెస్ట్ వైఫై చాలు. ఆ పాటి లినక్స్ వచ్చి, ఇంట్లో కెమెరాలో సొంత స్టోరేజో ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా మొదలుపెట్టండి.

నిన్న రాత్రి ఇది రాయడానికి ముందు మళ్ళీ ఒకసారి పరీక్షించాను. ల్యాప్‌టాప్‌ని కెమెరా పోర్ట్‌కి తగిలించి, 192.168.30 అడ్రస్ తీసుకుని, ఫోటోల స్టోరేజ్‌కి పింగ్ కొట్టాను. రాలేదు. బయటి సైట్‌కి కొట్టాను. అదీ రాలేదు. రికార్డింగ్ మెషీన్‌కి కొట్టాను, వెంటనే బదులొచ్చింది. వైరు తీసి కెమెరాకి తగిలించేశాను.